బోర్డు మీద మూడు వాక్యాలు

‘నలుగురం మగాళ్ళం’ మా థియేటర్‌కే ఖాయమైందని ఫోన్ వచ్చినప్పుడు నేను కొత్త పాప్‌కార్న్ మిషన్ ముందు నిలబడి, మొదటి గింజ ఎప్పుడు పేలుతుందా అని చూస్తున్నాను. పెళ్ళై ఇరవై ఆరు రోజులు. సినిమా హాలున్న ఇంటికి కోడలిగా రావడమే నాకు పెద్ద వింత. టిక్కెట్టు లేకుండా గేటు దాటితే చాలు, ఆ రోజంతా లోపల్లోపల నవ్వుకునేదాన్ని.

మా మామయ్య చెంచురామయ్య గారు ఫోన్ చెవికి ఆనించుకునే రెండో చేత్తో గాల్లో సున్నాలు చుట్టారు. పట్టరాని సంతోషం వస్తే ఆయన చేసే పని అది.

"వేసవి సెలవుల్లోనే! బూర్గంపాడు మొత్తానికి మనకొక్కళ్ళకే!"

సరిగ్గా అప్పుడే గింజ పేలింది. ఉదయ్ నన్ను నడుం పట్టి పైకెత్తి, వాళ్ళ నాన్నగారున్నారని గుర్తొచ్చి గబుక్కున దించేశాడు.

అది పక్క భాషలో బాగా ఆడిన సినిమాకి రీమేక్. నలుగురు స్నేహితులు, వాళ్ళ పెళ్ళాల పోరు. హీరో పెళ్ళాన్ని చెంప మీద కొట్టినప్పుడల్లా సైకిల్ బెల్లులా ట్రింగుమని మోత. ట్రైలర్‌లోనే అయిదు ట్రింగులు. సారపాక ఆటోస్టాండులో, మా వీధి చివర టీ బండి దగ్గర, ఎక్కడ చూసినా మగవాళ్ళు ఒకరి చెంపల మీద ఒకరు ట్రింగుమనిపించుకుంటున్నారు. మా ఉదయ్ అయితే పొద్దున్నే మెడలో తువ్వాలు, నోట్లో బ్రష్షుతో వచ్చి వేలి కొసతో నా చెంప తాకి "ట్రింగ్" అనేవాడు. నేను ఊరుకుంటానా? రెండు చెంపలూ అందుకుని "ట్రింగ్ ట్రింగ్" అనేదాన్ని. నురగ మీద పడేది. అదొక ఆట మాకు.

పోటీ పెడదామన్న ఆలోచన నాదే. ఇది దాచుకుంటే కథకి అర్థం లేదు. అన్నం తింటూ అన్నాను, "సినిమాలో మొత్తం ఎన్ని దెబ్బలో సరిగ్గా చెప్పిన ఆడవాళ్ళకి కుక్కర్ ఇద్దాం మామయ్యా. బాల్కనీ నిండిపోతుంది."

"బీకాం చదివిన కోడలంటే ఇది!" అని మామయ్య ఎడమచేత్తో సున్నా చుట్టారు. మర్నాటినుంచి మైకు కట్టిన ఆటో బూర్గంపాడు నుంచి అడవి ఊళ్ళ దాకా తిరిగింది. "లెక్కపెట్టండి, కుక్కర్ గెలవండి!" నా మాటలు మైకులో వినబడుతుంటే మేడ మీదికి పరిగెత్తి వినేదాన్ని.

మా థియేటర్‌కి ఒక అలవాటు ఉంది. టిక్కెట్ల కిటికీ పక్కన నల్ల బోర్డు. కొత్త సినిమా మొదటి ఆట అయిపోగానే దాని మీద రెండు మాటలు రాస్తారు. సైకిల్ స్టాండు దగ్గర నిలబడి విని ‘మగవారి మాట’ మామయ్య రాస్తారు. బాల్కనీలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని విని ‘ఆడవారి మాట’ అత్తయ్య రాస్తుంది. హాలు కట్టిన నాటినుంచీ ఇదే పద్ధతి. సంతకొచ్చిన అడవి ఊళ్ళవాళ్ళు ఆ బోర్డు చదివించుకునే, ఇంట్లో ఆడవాళ్ళని తీసుకురావాలో వద్దో తేల్చుకుంటారు. తిట్టు రాయాల్సి వచ్చినా రాసేవారు. అందుకే దానికంత నమ్మకం.

ఈసారి మా అత్తయ్య పద్మావతమ్మ గారికి మోకాలి ఆపరేషన్ అయింది. మెట్లెక్కలేదు. సుద్దముక్క నా చేతిలో పెట్టింది.

"నీకెలా ఉందో రాయకమ్మాయ్. వాళ్ళకెలా ఉందో రాయి. ఇంకో మాట. రాసిన చెయ్యే చెరపాలి. సినిమా ఎత్తేసిందాకా ఇంకెవరూ ముట్టుకోకూడదు."

ఆ సుద్దముక్కని రాత్రి దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. ఉదయ్ పగలబడి నవ్వాడు.

*

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికే గేటు ముందు డప్పులు. వాటి మధ్యలో వెంకటకృష్ణ అన్నయ్య. ఆయన అత్తయ్యకి తమ్ముడి కొడుకు. ఊళ్ళో ఎరువుల షాపు, హీరోగారి అభిమాన సంఘానికి మండల అధ్యక్షుడు. నా పెళ్ళిలో వడ్డన దగ్గర చొక్కా విప్పి మరీ పనిచేశాడు.

నలభై అడుగుల కటౌట్ ముందు పొట్టేలుని నిలబెట్టారు. ఒకడు కాళ్ళు పట్టుకున్నాడు. అన్నయ్యే కత్తి ఎత్తాడు. ఒక్క దెబ్బకి తెగలేదు. రెండోది, మూడోది. ప్రతి దెబ్బకీ జనం "ట్రింగ్!" అని అరిచారు. పొట్టేలు కాళ్ళు చాలాసేపు మట్టిని తన్నుతూనే ఉన్నాయి. రక్తాన్ని దోసిట పట్టి కటౌట్ పాదాల మీద చల్లి, ఎర్రటి వేలుతో నా వైపు వచ్చాడు.

"దా చెల్లెమ్మా, హీరో బొట్టు వెట్టిచ్చుకో!"

నేను నవ్వుతూనే వెనక్కి తప్పుకున్నాను. నవ్వడమే తప్ప ఇంకేమీ తోచని వయసు కాదు నాది. అయినా నవ్వాను.

బాల్కనీ నిండిపోయింది. తలుపు దగ్గర భీమక్క, చేతిలో అయిదు బ్యాటరీల స్టీలు టార్చి. ఇరవై ఏళ్ళుగా ఆడవాళ్ళ గేటు ఆమెదే. టేకులపల్లి వైపు కోయగూడెం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. నా పక్క సీట్లో లిఖిత వదిన, వెంకటకృష్ణ అన్నయ్య భార్య. ఇద్దరి మధ్యా ఒకే పాప్‌కార్న్ పొట్లం.

మొదటి దెబ్బ పడగానే కింద నేలక్లాసు మొత్తం ఒక్క గొంతై "ఒకటీ!" అంది. ట్రింగ్. "రెండూ!" పైన ఆడవాళ్ళు కుక్కర్ కోసం వేళ్ళు ముడుస్తున్నారు. నేనూ ముడిచాను. నాలుగోదాకా కడుపు పట్టుకుని నవ్వాను. ఆరో దెబ్బకి తెర మీద ఆమె టేబులు అంచుకి తగిలి పడిపోయింది. హాలు ఈలలతో ఊగిపోయింది. తొమ్మిదో దెబ్బకి నా పక్కన లెక్క ఆగిపోయింది. లిఖిత వదిన వేళ్ళన్నీ ముడుచుకుని, పిడికిలి ఒళ్ళో పెట్టుకుంది.

ఇంటర్వెల్‌కి పన్నెండు దెబ్బలయ్యాయి. లైట్లు వెలగగానే వెంకటకృష్ణ అన్నయ్య పదిమందితో బాల్కనీ ఎక్కి వచ్చాడు. ఒకడి చేతిలో ఫోను, వీడియో తీస్తున్నాడు. ఇంకొకడి చేతిలో కూల్‌డ్రింకుల ట్రే.

"ఏందే, మొఖం మాడ్చుకొని కూసున్నవంట? మా హీరో సినిమాకొచ్చి నవ్వవా?"

"తలనొప్పిగా ఉంది," అంది వదిన.

"తలనొప్పా? దానికి నా దగ్గర మందుంది."

ఫోను వైపు తిరిగి కన్నుకొట్టి, చెయ్యి వెనక్కి లాగి, చెవి మీద కొట్టాడు. బలంగా.

"పదమూడు!" అని ఎవడో అరిచాడు. బాల్కనీ, నేలా, అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. తర్వాత నీళ్ళు పోయిన చెవిని వంచినట్టు తల ఒక పక్కకి వంచి, చెవిలో వేలు పెట్టుకుని తీసి చూసుకుంది. వేలు ఎర్రగా ఉంది. లైట్లు ఆరిపోయాయి.

"నడువు తల్లి, బయటికి నడువు," అని భీమక్క ఆమె రెక్క పట్టుకుంది.

మెట్ల మీద కూర్చున్నాం. భీమక్క చీర కొంగు తడిపి చెవి తుడిచింది.

"ఇంట్ల కొడ్తే ఎవలకి తెల్వదు. గిది అందరం జూసినం. జూసి నవ్వినం గద. అదే పాపం," అంది.

లోపలినుంచి లెక్క వినబడుతూనే ఉంది. అయిదు నిమిషాలకి ఒకామె బయటికొచ్చింది. తర్వాత ఇద్దరు. తర్వాత పిల్లల్ని చంకనేసుకుని నలుగురు. ఆ తర్వాత బాల్కనీ సగం మెట్ల మీదే ఉంది. నాకు అప్పగించిన పని గుర్తొచ్చి, సిగ్గుపడుతూనే అడిగాను, "సినిమా ఎట్లుందండీ?"

సినిమా గురించి ఒక్కరూ చెప్పలేదు. ప్రతి ఒక్కరూ ఒకటే అడిగారు, "ఆమె చెవికేమైంది?"

ఆట వదిలాక బోర్డు దగ్గరికి వెళ్ళేసరికి మామయ్య తన మాట రాసేశారు. ‘కడుపుబ్బ నవ్వొచ్చు. పైసా వసూల్.’ దాని కింద నేను రాశాను:

‘ఆడవారి మాట: మొదట నవ్వాం. ఇంటర్వెల్‌లో మాలో ఒకామె చెవి నుంచి రక్తం వచ్చింది. మిగతా సగం చూడలేదు.’

మామయ్య కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. కూల్‌డ్రింకు సీసాలు సర్దడానికి వెళ్ళిపోయారు.

*

గోదావరి దాటి భద్రాచలంలో చెవి డాక్టరుకి చూపించాం. కర్ణభేరికి చిల్లు పడిందని కాగితం రాసిచ్చాడు. వదిన ఇంటికి పోనంది. మా ఇంటికొచ్చి, చెవిలో దూదితో ముందుగది మంచం మీద కూర్చుంది. కుడివైపు నుంచి పిలిస్తేనే పలుకుతోంది.

అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచింది.

"వెళ్ళి చెరిపేసి రా."

"ఎందుకత్తయ్యా?"

"మనింటి పిల్ల సంగతి బజార్లో రాస్తావా? మా తమ్ముడి మొహం ఎలా చూడను?"

"పేరు రాయలేదు కదా."

"ఊరికి తెలీదనుకుంటున్నావా?"

"వాళ్ళ మాట రాయమన్నారు. వాళ్ళన్నది అదొక్కటే అత్తయ్యా. ఇంకేమన్నా అనుంటే రాసేదాన్ని."

అత్తయ్య చేతికర్ర మార్చి పట్టుకుంది. పొయ్యి మీద పాలు పొంగి గ్యాస్ ఆరిపోయింది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

శనివారం పత్రికల్లో, వెబ్‌సైట్లలో రివ్యూలొచ్చాయి. అన్నీ చీవాట్లే. కొట్టుడు తప్ప హాస్యం లేదన్నారు. మాతృకలో చివర ఆ నలుగురు మొగుళ్ళూ తల దించుకుని నిలబడే సీను ఉందట. మనవాళ్ళు అది పీకేసి ఐటెం పాట పెట్టారట. మామయ్య ఒక్కోటీ పైకి చదివి, "హైదరాబాదు వాళ్ళకి నవ్వు తెలీదు. రివ్యూలు ఆడవు, సినిమాలు ఆడతాయి," అంటున్నారు. సగం తనకి తాను చెప్పుకుంటున్నట్టు.

ఇంతలో ఒక విమర్శకుడు తన రివ్యూ తీసేసి, ఆ చోట మా బోర్డు ఫోటో పెట్టాడు. ఎవరు తీశారో తెలీదు. ‘ఇంతకంటే మంచి సమీక్ష నేను రాయలేను’ అని కింద ఒక వాక్యం. నా అక్షరాలు! పదిసార్లు చూసుకున్నాను. ‘రక్తం’లో ‘ర’ వంకరగా వచ్చిందని బాధపడ్డాను కూడా. వదిన చెవిలో దూది మారుస్తూనే ఫోను చూసుకుంటున్నానని కాసేపటికి గాని తెలియలేదు. ఫోను పక్కన పెట్టాను.

సాయంత్రానికి ఆ ఫోటో వేల చేతులు మారింది. మొదట పొగడ్తలు, వెనకే అభిమానులు. నన్ను ఏమేం చేస్తామో వరసగా రాశారు. ఒకడు థియేటర్ పేరు, ఇంకొకడు నా ఫోన్ నంబరు పెట్టాడు. ‘నీ చెవి కూడా రెడీగా పెట్టుకో’ అన్నది వాటిలో కాస్త మర్యాదగా ఉన్నది. మా బాల్కనీ మాత్రం ఫస్ట్ షోకే ఖాళీ అయింది. అడవి ఊళ్ళనుంచి ట్రాక్టరు మీద వచ్చిన ఆడవాళ్ళు బోర్డు చదివించుకుని, ఐసులు కొనుక్కుని, అదే ట్రాక్టరు మీద తిరిగి వెళ్ళిపోయారు. కుక్కర్‌కి ఒక్క చీటీ కూడా పడలేదు.

ఆదివారం పొద్దున ఉదయ్ మెడలో తువ్వాలుతో, నోట్లో బ్రష్షుతో అలవాటుగా నా దగ్గరికి వచ్చాడు. వేలు ఎత్తాడు. నేను మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు మూసుకున్నాను. కావాలని కాదు. అలా జరిగిపోయింది.

కళ్ళు తెరిచేసరికి అతను తన చెయ్యి చూసుకుంటున్నాడు. నోరు కడుక్కుని, తువ్వాలు దండెం మీద వేసి, అంచులు సమానంగా లాగి, చొక్కా తొడుక్కుని హాలుకి వెళ్ళిపోయాడు. టిఫిన్ చెయ్యలేదు.

*

మధ్యాహ్నం మ్యాట్నీకి ముందు వచ్చారు. డెబ్భై, ఎనభై మంది. సగంమంది మా ఊరివాళ్ళు కాదు. కొత్తగూడెం వైపు నుంచి బైకుల మీద వచ్చినట్టున్నారు. ఉదయ్‌కి అన్నం పట్టుకెళ్ళి నేను అప్పుడక్కడే ఉన్నాను. మొదటి రాయి టిక్కెట్ల కిటికీ అద్దానికి, రెండోది పాప్‌కార్న్ మిషన్‌కి తగిలాయి. గాజు పెంకులూ పేలాలూ కలిసి వరండా నిండా రాలాయి. పారిపోతున్న గేట్‌మాన్‌ని కింద పడేసి తన్నారు. అతని పళ్ళు మెట్టుకి కొట్టుకున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

వెంకటకృష్ణ అన్నయ్య తడి గుడ్డ ఒకటి నా మీదికి విసిరాడు.

"చెరుపు చెల్లెమ్మా. నువ్వు రాసినవ్, నువ్వే చెరపాలె. అత్త వెట్టిన రూలే గదా."

ఉదయ్ బోర్డుకి వీపు ఆనించి నిలబడ్డాడు. నా మొగుడు కొట్లాడే మనిషి కాదు. బైకు పంచరైతే మెకానిక్‌ని ‘సార్’ అని పిలుస్తాడు.

"ప్రసూన చెరపదు బావా."

"నువ్వు జరుగు, ఉదయ్."

"జరగను. అది నిజం గదా? నువ్వే చెప్పు. కొట్టినవా లేదా?"

"నా పెళ్ళాం, నా ఇష్టం! సరదాకి కొట్టిన!"

"గట్లయితే సరదాకి కొట్టినా అని కింద నువ్వు రాయి. సుద్దముక్క ఇస్తా."

జనంలో ఎవడో కిసుక్కుమన్నాడు. దాంతో అన్నయ్య మొహం మారిపోయింది. క్యూ కోసం పాతిన ఇనుప గొట్టం ఊడబెరికి కొట్టాడు. ఉదయ్ ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పచ్చి కట్టె విరిగినట్టు చప్పుడైంది. అతను కూర్చుండిపోయాడు, అయినా వీపు బోర్డుకే ఆనించి ఉంది. అన్నయ్య గొట్టం మళ్ళీ ఎత్తాడు.

పక్కనే భీమక్క ఉంది. ఆమె చేతిలోంచి టార్చి ఎప్పుడు లాక్కున్నానో తెలీదు. రెండు చేతులా పట్టుకుని అన్నయ్య నోటి మీద కొట్టాను. పెదవి చీలి గడ్డం మీదికి వేలాడింది. గొట్టం జారి పడింది. నా లోపల ఎక్కడో, వేడి వేడిగా, సంతోషం లేచింది. గింజ పేలినట్టు. అబద్ధం చెప్పను. ఇంకోటి కొట్టాలని చెయ్యి ఎత్తాను కూడా.

"ఒకటీ!" అని జనంలోంచి ఒక గొంతు అరిచింది. పదిమంది నవ్వారు. నవ్వింది అతనితో వచ్చినవాళ్ళే.

టార్చి కింద పెట్టేశాను. విసరలేదు, జాగ్రత్తగా పెట్టాను, భీమక్కది కదా అని. అన్నయ్య నోరు పట్టుకుని, తన మనుషుల వైపే తిరిగి, ఎవడు నవ్విందని వెతుకుతున్నాడు. ఈలోగా మామయ్య తీసుకొచ్చిన పోలీసు జీపు హారను వినిపించింది. బైకులు తలో దిక్కూ పోయాయి.

*

సాయంత్రం అందరం ముందుగదిలో ఉన్నాం. ఉదయ్ చేతికి మోచేతి దాకా పిండికట్టు. కట్టు బయటికి కనబడే వేళ్ళు బొంగుల్లా వాచాయి. మామయ్య ఒక పక్క కూర్చుని సినిమా ఎత్తేస్తున్నామని ఎవరికో ఫోన్లో చెబుతున్నారు. వేసవి మొత్తం దాని మీదే ఆధారపడ్డ మనిషి.

అత్తయ్య ఫోన్ మోగింది. తమ్ముడు వెంకటరామారావు గారు. చెవి దగ్గర పెట్టుకోలేక స్పీకర్ వేసింది.

"అక్కా, అయిందేదో అయింది. మావోడు ఉదయ్‌ని కొట్టిండు, మీ కోడలు మావోడ్ని కొట్టింది. చెల్లుకి చెల్లు. పెదానికి ఏడు కుట్లు పడ్డయ్. రాజీ చేసుకుందాం. ఇంటి విషయం స్టేషన్లో ఎందుకు? లిఖితను రేపు పంపియ్యి. ఆమె ఏమీ అంటలేదు గదా."

అత్తయ్య నా వైపు చూసింది. తర్వాత ఉదయ్ వైపు.

"వదినకి వినపడలేదు. ఆమె ఎడమవైపు ఉంది ఫోను," అన్నాను.

అత్తయ్య కర్ర సాయంతో లేచి, గదికి అడ్డంపడి, మంచానికి కుడివైపు వెళ్ళి కూర్చుంది. ఫోను వదిన ఒళ్ళో పెట్టింది.

"మీ మామగారు, అమ్మాయ్. చెల్లుకి చెల్లంటున్నాడు. నువ్వు ఏమీ అనట్లేదంటున్నాడు."

వదిన ఫోనుని చేతిలోకి తీసుకుంది. రెండు రోజుల్లో ఆమె మాట్లాడింది నీళ్ళు కావాలనీ, దూది మార్చమనీ మాత్రమే.

"వాళ్ళిద్దరిదీ చెల్లయింది మామయ్యా," అంది నెమ్మదిగా. "నన్ను కొట్టింది అందులో ఎక్కడుంది?"

వదిన చెవిలో దూది సర్దుకుని మళ్ళీ అంది.

"నేను రేపు స్టేషన్‌కి పోత. రాసిస్త. సినిమాల పన్నెండు, నాది పదమూడోది అన్నరు గద అందరు. నాది పదమూడోది గాదు. పెళ్ళయి ఆరేండ్లు. ఎన్నోదో నాకు తెలుసు."

"లిఖితా! నువ్వు ఫోను అక్కకియ్యి."

అత్తయ్య ఫోను అందుకుంది. తమ్ముడంటే ఆమెకి ప్రాణం. ప్రతి ఏడూ రాఖీకి గోదావరి పొంగినా ఆగదు.

"విన్నాన్రా తమ్ముడూ," అంది. "ప్రసూన కూడా వస్తుంది. తను కొట్టింది తను రాసిస్తుంది. దాచిపెట్టేదేం లేదు. భీమక్క సాక్షి."

"నువ్వు, అక్కా? నువ్వు నా దిక్కు ఉండవా?"

"నాకు మోకాలు నొప్పిరా. అయినా వస్తాను. స్టేషన్‌కి మూడే మెట్లు." ఫోను పెట్టేసి, కళ్ళు తుడుచుకోకుండానే మామయ్య వైపు తిరిగింది. "రేపు పొద్దున తొమ్మిదింటికి కారు కావాలి. ముందు సీట్లో నేను కూర్చుంటా, కాలు చాపాలి. ప్రసూనా, డాక్టరు కాగితం ఇప్పుడే సంచీలో పెట్టు. వెళ్ళేముందు అందరూ కడుపునిండా తినండి, అక్కడ ఎంతసేపు కూర్చోబెడతారో."